కొసరు పిచ్చుక

గుంటూరు,
ఫిబ్రవరి 22, ఆదివారం రాత్రి

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకూ, అల్లుడికీ, బాబుకీ దీవెనలు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "నాన్నా, చర్చికి వెళ్లడం మానేశావట, పొద్దున్నే బండేసుకుని ఏదో చెరువు దగ్గరికి పోయి కూర్చుంటున్నావట, అత్త చెప్పింది, నిజమేనా?" అన్నావు. నేను "అదేం లేదులే" అని మాట మార్చాను. ఫోన్లో ఇలాంటివి చెప్పడం నాకు చేతకాదు. మీ అమ్మ ఉన్నన్నాళ్లూ నీతో మాట్లాడింది తనే. నేను పక్కన కూర్చుని "చలి ఎలా ఉందో అడుగు", "బాబుకి దగ్గు తగ్గిందా అడుగు" అని అందిస్తూ ఉండేవాణ్ని. అందుకే కాగితం, కలం తీసుకున్నాను.

అత్త చెప్పింది నిజమే. కిందటి జూన్ నుంచి నేను చర్చికి వెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ నువ్వు దేనికి భయపడుతున్నావో అది మాత్రం నిజం కాదు. నేను దేవుణ్ని వదల్లేదమ్మా. ఆయన నన్ను వదల్లేదన్న సంగతి నాకు చర్చిలో కాకుండా ఉప్పలపాడు చెరువు గట్టు మీద తెలిసింది. అది ఎలాగో నీకు చెప్పాలి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడే నీకు సెలవు అయిపోయి వెళ్లిపోయావు. ఆ తర్వాత కూడా నెలరోజులు జనం వస్తూనే ఉన్నారు. అందరూ మంచి మనసుతోనే వచ్చారు. "ఆమె మహిమలో ఉంది, ఏడవకండి మాస్టారూ" అన్నారు. "ప్రభువు మంచి పువ్వునే కోసుకుంటాడు" అన్నారు. నేను కూడా నలభై ఏళ్లుగా ఎన్నో ఇళ్లకి వెళ్లి ఇవే మాటలు చెప్పినవాణ్ని. అవతల కూర్చుని వినేవాడికి అవి ఎలా ఉంటాయో నాకు ఇప్పుడు తెలిసింది. ఒకాయన అయితే, పేరు రాయను, "విశ్వాసం గట్టిగా ఉంటే ఏడు నెలల ప్రార్థన ఊరికే పోదు కదా" అన్నాడు. మీ అమ్మ వణుకుతున్న చేతుల్తో బైబిలు పట్టుకుని, కళ్లు కనపడక, నా చేత చదివించుకుని విన్న మనిషి. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. మొదట చూపించిన ఆసుపత్రిలో ఆ నొప్పిని గ్యాసు అని రెండు నెలలు మందులిచ్చారు. ఆ రెండు నెలల కంటే ఈ ఒక్క మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చర్చికి వెళ్లలేకపోవడానికి కారణం అదొక్కటే కాదు. మన చర్చిలో ఆడవాళ్ల వైపు మూడో వరసలో మీ అమ్మ కూర్చునేది కదా. పాట ఎత్తుకుంటే అందరికంటే అరక్షణం ముందుండేది. చిన్నప్పుడు నువ్వు కూడా నవ్వేదానివి, అమ్మ పాటని తరుముకుపోతోందని. ఇప్పుడు పాట మొదలైతే ఆ అరక్షణం ఖాళీగా వినపడుతుంది. నా గొంతు అక్కడే పూడుకుపోతుంది. రెండు మూడు ఆదివారాలు ప్రయత్నించి, మూడో పాటకి ముందే బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డాను.

ఇంట్లో ఇంకోరకం. గ్యాసు బుక్ చేస్తే ఓటీపీ మీ అమ్మ ఫోనుకే వస్తుంది. అందుకని ఆ ఫోను రోజూ చార్జింగ్ పెడతాను. రాత్రిళ్లు గదిలో నిద్ర పట్టక డాబా మీద చాప వేసుకుంటాను. రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది. రైలు కూత వినపడుతుంది. ప్రార్థన చేద్దామని మోకరిస్తే "తండ్రీ" అన్న మాట దాటి ఒక్క మాట వచ్చేది కాదు.

నవంబరు 2న సమాధుల పండుగ. ముందు రోజే వెళ్లి అమ్మ సమాధి చుట్టూ గడ్డి పీకి, సున్నం వేయించాను. సాయంత్రం అందరూ కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని వస్తారు కదా, నేను తెల్లవారగానే వెళ్లి నా కొవ్వొత్తి వెలిగించి వచ్చేశాను. ఎవరూ పలకరించకముందే బయటపడాలని. ఇంటికి రాబుద్ధి కాలేదు. బండి పెదకాకాని వైపు తిప్పాను. ఎక్కడికి పోతున్నానో నాకే తెలియదు. ఉప్పలపాడు బోర్డు కనపడితే లోపలికి తిరిగాను.

నీకు గుర్తుందా, అమ్మ స్కూల్లో పిల్లల్ని ప్రతి ఏడూ అక్కడికి తీసుకెళ్లేది. పులిహోర పొట్లాలు కట్టించుకుని, నలభై మంది పిల్లల్ని రెండు ఆటోల్లో కుక్కి. "మన ఊరికి దగ్గరే, ఒక్కసారి రండి, ఎక్కడెక్కడి పక్షులో వస్తాయి" అని ఎన్నిసార్లు అడిగిందో. పేపర్లు దిద్దాలనో, కమిటీ మీటింగనో తప్పించుకున్నాను. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తనతో వెళ్లలేదు. తను పోయాక వెళ్లాను.

అదేమీ పెద్ద చెరువు కాదు. ఊరి మధ్యలో నీళ్లు, చుట్టూ ఇళ్లు. నీళ్ల మధ్యలో దిబ్బల మీద సర్కారు తుమ్మ చెట్లు, పక్షుల కోసం పెట్టిన ఇనప స్టాండ్లు. దూరానికి ఆ చెట్లకి ఆకులు లేవు, తెల్లటి పూలే ఉన్నాయనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ పూలు కదులుతాయి, ముక్కులు టకటకలాడిస్తాయి. రెట్టల వాసన మొదట్లో తల తిరిగేలా ఉంటుంది. ఆ ఊరివాళ్లు అంత వాసన భరిస్తూ వాటిని ఏమీ అనరు, ఎవరినీ అననివ్వరు. నాకు ఆ ఊరంటే చాలా గౌరవం కలిగింది. ఇంటి పెరడు మీదే రెట్ట పడుతుంటే ఊరుకున్నవాళ్లు వాళ్లు.

ఆ రోజు మొదట చూసింది గూడబాతుని. పెలికాన్ అంటారు చూడు, అది. పొలానికి నీళ్లు తోడే గూడ లాగే ఉంటుంది దాని గొంతుకింద సంచి. నీకు గూడ తెలియదు. నా చిన్నప్పుడు కాలవలోంచి మడిలోకి గూడ వేసేవాళ్లం. ఇద్దరు కావాలి. చెరో పక్కన నిలబడి, చెరో రెండు తాళ్లు పట్టుకుని, ఒక్క ఊపులో ముంచి, ఒక్క ఊపులో ఎత్తి పోయాలి. ఒకడు వదిలేస్తే రెండోవాడు ఎంత బలవంతుడైనా చుక్క నీరు లేవదు.

గట్టు మీద నిలబడి ఆ పక్షిని చూస్తుంటే ఎక్కడో లోపలినుంచి ఒక మాట వచ్చింది. "అడవిలోని గూడబాతు." 102వ కీర్తన. ఎన్నోసార్లు చదివాను, గూడబాతు అంటే ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంటికొచ్చి బైబిలు తీశాను. ఆ కీర్తన రాసినవాడు కష్టంలో సొమ్మసిల్లిపోయిన మనిషి. అన్నం తినడమే మరచిపోయానంటాడు. అడవిలో గూడబాతులా ఉన్నానంటాడు. రాత్రి నిద్రపట్టక ఇంటిమీద ఒంటిగా ఉన్న పిచ్చుకలా ఉన్నానంటాడు. ఇంటిమీద, ఒంటిగా! నేను డాబా మీద చాప వేసుకుని పడుకున్న సంగతి ఆయనకెలా తెలుసు?

అమ్మలూ, ఆ రోజు నేను ఏడ్చాను. జూన్ తర్వాత మళ్లీ అప్పుడే. నాకు ఊరట కలిగించింది ఏమిటంటే, ఆ మాటలు బైబిల్లో ఉన్నాయి. 'నాకు దిక్కులేదు, నిద్రలేదు, ఒంటరినైపోయాను' అన్న మాటల్ని దేవుడు తన పుస్తకంలోంచి తీసెయ్యలేదు. వాటిని ప్రార్థనగా తీసుకున్నాడు. అప్పటిదాకా నాకు ప్రార్థన రావడం లేదని దిగులుపడ్డాను. నాకు వచ్చేది కూడా ప్రార్థనేనని ఆ పక్షి చెప్పింది.

అప్పటినుంచి వెళ్తున్నాను. ఆరున్నరకి బండి తీస్తే ఏడులోపు అక్కడుంటాను. ఫ్లాస్కులో టీ పోసుకుంటాను. మొదట్లో బైబిలు తీసుకెళ్లేవాణ్ని, తర్వాత ఊరికే చూస్తున్నాను. చూడటం అంటే ఏమిటో ఈ వయసులో నేర్చుకుంటున్నాను. గూడబాతు పిల్ల తిండి తినడం చూశావా? తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ గొంతులోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మింగేస్తోందేమో అనుకుని లేచి నిలబడ్డాను. పూర్వం పడమటి దేశాల్లో గూడబాతు తన రొమ్ము చీల్చుకుని రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని నమ్మి, దాన్ని క్రీస్తుకి గుర్తుగా చర్చిల్లో చెక్కేవాళ్లు. అది నిజం కాదు. కానీ ఆ పక్షి తల వంచి ముక్కుని రొమ్ముకి ఆనించి పిల్ల ముందు నిలబడితే, ఆ కథ ఎందుకు పుట్టిందో నాకు అర్థమైంది.

జనవరి చివర్లో ఒకరోజు మధ్యాహ్నం దాకా ఉండిపోయాను. ఎండ బాగా ముదిరింది. నాకు దగ్గర్లోనే ఒక స్టాండు మీద ఎర్రకాళ్ల కొంగ గూడు. పుల్లల మీద మూడు పిల్లలు, దూది ఉండల్లా. పెద్ద కొంగ ఎండకి వీపు పెట్టి నిలబడి, రెక్కలు సగం విప్పి కిందికి వాల్చింది. గొడుగు పట్టినట్టు. పిల్లలు మూడూ ఆ నీడలోకి సర్దుకున్నాయి. ఎండ జరిగింది, నీడ జరిగింది. పిల్లల్లో ఒకటి ఎండలో పడగానే కొంగ ఒక అడుగు పక్కకి వేసింది. మళ్లీ కాసేపటికి ఇంకో అడుగు. నోరు తెరిచి రొప్పుతోంది, దాని గొంతు అదరడం నాకు కనపడుతోంది. వాచీ చూసుకున్నాను. నలభై నిమిషాలు రెక్క ముడవలేదు.

అప్పుడు నువ్వు తొమ్మిది నెలల పిల్లవి. మే నెలలో నరసరావుపేట నుంచి వస్తున్నాం. బస్సు ఫెయిలైంది, రోడ్డు పక్కన దించేశారు. చెట్టు లేదు, పాక లేదు. నేను కండక్టరుతో టికెట్ డబ్బుల గొడవ పెట్టుకుని అరుస్తున్నాను. మీ అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని రాయి మీద కూర్చుని, పమిట రెండు చేతుల్తో చాపి నీ మీద నీడ పట్టింది. ఇంకో బస్సు వచ్చేసరికి గంటన్నర. నువ్వు నిద్రపోతూనే ఉన్నావు. తన మెడ వెనక కమిలిపోయి వారం రోజులు నలుపు పోలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తుకి రాలేదు. కొంగ గుర్తు చేసింది. చివరి నెలలో కరెంటు పోతే నేను పేపరుతో విసిరేవాణ్ని. "చెయ్యి నొప్పెడుతుంది, మానెయ్యండి" అనేది. నేను మానేస్తే "ఏమండీ, ఇంకాస్సేపు" అనేది.

ఒక్క సంగతి తేటగా రాస్తాను. మీ అమ్మ పక్షి రూపంలో వచ్చిందని నేను అనుకోవడం లేదు. పక్కింటి మాస్టారు ప్రేమతోనే అన్నారు, "ఆవిడే మిమ్మల్ని అక్కడికి రప్పించుకుంటోందండీ" అని. వాళ్ల ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు కాకి పిండం ముట్టేదాకా వాళ్లెంత తల్లడిల్లారో నేను చూశాను, ఆయన నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ మన నమ్మకం వేరు. మీ అమ్మ క్రీస్తుతో ఉంది. పక్షి పక్షే. దాన్ని చేసినవాడే మీ అమ్మని చేశాడు, నన్నూ చేశాడు. ఆయన చేతిపని పక్కన కూర్చుంటే ఆయన పక్కన కూర్చున్నట్టు ఉంది. అంతే.

ఇక నీకు చెప్పాలనుకున్న సంగతి.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక కొంగ పిల్ల గూట్లోంచి కింద పడింది. నా కళ్ల ముందే. అన్నదమ్ములు పోట్లాడుకుంటూ తోసుకున్నట్టున్నాయి. నీటి అంచున బురదలో పడి, ఒక రెక్క కొట్టుకుంది. పైన తల్లి అటూ ఇటూ చూసింది, దిగలేదు. అక్కడ పక్షుల్ని కనిపెట్టుకుని ఉండే అతను వచ్చి చేతుల్లోకి తీసుకుని చూశాడు. "మెడ దెబ్బతిందండీ, దక్కదు. పడినదాని కోసం తల్లి కిందికి రాదు" అని పక్కన గడ్డి మీద పెట్టాడు. అతను వేరే పని మీద వెళ్లాడు. నేను దాని పక్కన కూర్చున్నాను. గంటసేపు బతికింది. నేను కదల్లేదు.

ఎందుకు కదల్లేదో చెప్తాను. మీ అమ్మ పోయినప్పుడు నేను పక్కన లేనమ్మా.

అందరూ అనుకుంటున్నారు నేను చెయ్యి పట్టుకుని ఉన్నానని. నేను కాదనలేదు. ఆ రాత్రి మూడు దాటాక తన పెదాలు ఎండిపోతున్నాయని, సీసాలో నీళ్లు అయిపోయాయని వరండా చివర ఉన్న ఫిల్టరు దగ్గరికి వెళ్లాను. ముందు ఒకతను పట్టుకుంటున్నాడు, ఆగాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చేసరికి అయిపోయింది. నిండు సీసా చేతిలో ఉంది. ఏడు నెలలు పక్కనే ఉండి, ఆ అయిదు నిమిషాలు లేను. నువ్వు విమానంలో ఉన్నందుకు ఇప్పటికీ ఏడుస్తున్నావు. నేను పాతిక అడుగుల దూరంలో ఉండి లేను. ఇది చెప్తే నువ్వు నన్ను ఏమనుకుంటావో అని ఎనిమిది నెలలు దాచాను.

ఆ కొంగ పిల్లని చూశాక నాకు కోపం వచ్చింది. పిచ్చుకల మాట మనకి కంఠతా వచ్చు కదా, మత్తయి పదో అధ్యాయంలో, మీ తండ్రి సెలవు లేక వాటిలో ఒక్కటైనా నేలను పడదని. అంటే సెలవిచ్చాడన్నమాట. ఈ పిల్ల పడటానికి సెలవిచ్చాడు, మీ అమ్మకి సెలవిచ్చాడు, నేను నీళ్లకి వెళ్లినప్పుడు చూసి మరీ ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒంట్లో బాగున్న రోజు ఒక్క సెలవు పెట్టని మనిషికి! వారం రోజులు ఆ 'సెలవు' అన్న మాట మీదే నలిగిపోయాను.

ఆ వారంలోనే మన చర్చి చిన్న అయ్యగారు నన్ను వెతుక్కుంటూ చెరువు దగ్గరికే వచ్చాడు. చర్చికి ఎందుకు రావడం లేదని అడగలేదు. టీ ఇస్తే తాగాడు. గూడబాతులు చూశాడు. అరగంటకి నేనే అడిగాను, ఈ సెలవు సంగతేమిటని. కుర్రవాడైనా సెమినరీలో గ్రీకు బాగా చదువుకున్నట్టున్నాడు. ఫోను తీసి చూసి చెప్పాడు: "మూలంలో సెలవు అన్న మాట లేదండీ. అర్థం తెలియడానికి మనవాళ్లు చేర్చారు. గ్రీకులో ఉన్నది ఉన్నట్టు చదివితే, మీ తండ్రి లేకుండా ఒక్కటీ నేలను పడదు, అంతే."

నేను మళ్లీ చెప్పించుకున్నాను. తండ్రి లేకుండా.

పడదని ఆ మాటలో లేదమ్మా. పిచ్చుక పడుతుంది. కొంగ పిల్ల పడింది. తల్లి కిందికి రాలేదు. కానీ అది పడినచోట తండ్రి లేకుండా లేడు. నేను ఫిల్టరు దగ్గర ఉన్నాను, నువ్వు సముద్రాల మీద ఉన్నావు, మీ అమ్మ ఉన్న గదిలో ఆ అయిదు నిమిషాలు ఎవరున్నారో నాకు ఆ గట్టు మీద తెలిసింది. ఎందుకు తీసుకున్నావని ఇప్పటికీ ఆయన్ని అడుగుతూనే ఉన్నాను, ఇంకా జవాబు రాలేదు. ఆమె ఒంటరిగా పోయిందన్న బాధ మాత్రం దిగింది. నీకు కూడా దిగాలనే ఇదంతా రాస్తున్నాను. నువ్వు రాత్రి డ్యూటీల్లో ఎంతమంది ముసలివాళ్ల పక్కన కూర్చుని ఉంటావో. వాళ్ల పిల్లలు కూడా ఎక్కడో దూరంగా ఉంటారు. నీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

అయ్యగారు వెళ్లాక నేను ఇంకొకటి గమనించాను. ఇది నాకు నేనుగా దొరికింది, అందుకని నీకు చెప్పాలని ఆత్రంగా ఉంది. మత్తయిలో రెండు పిచ్చుకలు ఒక కాసుకి అమ్ముతారు. అదే మాట లూకా పన్నెండులో చూడు, అయిదు పిచ్చుకలు రెండు కాసులకి. లెక్క ప్రకారం రెండు కాసులకి నాలుగే రావాలి. అయిదోది ఏమిటి? కొసరు! మీ అమ్మ రైతుబజారులో కొసరు అడగకుండా ఏనాడైనా సంచి మూసిందా? కిలో వంకాయలు తూచాక "కొసరు వెయ్యవయ్యా" అని నిలబడేది, వాడు రెండు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెబ్బో వేసేదాకా. ఆ అయిదో పిచ్చుక అలాంటిది. దానికి ధర లేదు. తక్కెట్లో ఎక్కని పిట్ట. వాటిలో ఒక్కటి కూడా దేవుని యెదుట మరువబడదని యేసు ప్రభువు అన్నది ఆ కొసరుని కూడా కలిపే.

మీ అమ్మ పోయాక నేను ఎక్కడికెళ్లినా కొసరునే. పెళ్లి పిలుపుల్లో దంపతులుగా రమ్మంటారు, నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. అక్షింతలు వేయడానికి జంటల్ని పిలుస్తారు, నేను కుర్చీలో కూర్చుంటాను. ఎవరి తప్పూ కాదు. ఇప్పుడలా కూర్చున్నప్పుడు ఆ అయిదో పిచ్చుక గుర్తొస్తుంది, మనసు కుదుటపడుతుంది.

ఇంకొక మాట కూడా ఈ మధ్యే గుర్తించాను. ఏటా జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన రోజు అని పండుగ చేసుకుంటాం. 1842లో. నేనే ఎన్నిసార్లు పిల్లల చేత ఆ నాటిక వేయించానో. ఆయన భార్య 1839లో చనిపోయిందని, నలభై తొమ్మిదేళ్ల వయసులో, భార్యని పోగొట్టుకున్న మనిషిగా మన ఎండల్లోకి వచ్చాడని చదివాను గానీ ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. ఆయన తెచ్చిన సువార్తే మన తాతల దాకా వచ్చింది. మన లూథరన్ సంఘానికి పేరునిచ్చిన మార్టిన్ లూథర్ కూడా అంతే. పదమూడేళ్ల కూతురు మగ్దలేనా 1542లో చనిపోతే, ఆమె క్షేమంగా ఉందని తెలిసి కూడా తానూ భార్యా ఏడవకుండా ఉండలేకపోతున్నామని స్నేహితుడికి రాశాడు. ఆకాశపక్షులు మనకి పంతుళ్లని చెప్పినాయన కూడా ఆయనే. నన్ను ఏడవకండి అన్నవాళ్ల మీద ఇప్పుడు కోపం లేదు. కానీ నువ్వు ఏడుపొస్తే ఏడువు తల్లీ. బాబు చూస్తాడని బాత్రూములోకి వెళ్లి దాక్కోకు.

మొన్న భస్మ బుధవారం నాడు చర్చికి వెళ్లాను. ఈరోజు కూడా వెళ్లాను. చివరి బెంచీలో, తలుపు పక్కన. పాట వచ్చినప్పుడు పుస్తకం తెరిచి పట్టుకున్నాను, పెదాలు మాత్రం కదిపాను. గొంతు ఇంకా రాలేదు. వస్తుందిలే. అత్తకి చెప్పు, సంతోషిస్తుంది. అయితే చెరువుకి వెళ్లడం మానను.

ఇప్పుడు అక్కడ ఎగరడం నేర్చుకునే రోజులు. పొద్దున తొమ్మిది దాకా గూడబాతులు కదలవు. అంత బరువు పక్షి రెక్కలు కొట్టుకుంటూ పైకి పోవాలంటే అలిసిపోతుంది. ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగుతాయి. అది లేవగానే ఒక్కొక్కటే అందులోకి వెళ్లి రెక్కలు చాపి ఊరుకుంటాయి. గాలే వాటిని తిప్పుకుంటూ పైకి తీసుకుపోతుంది. చూస్తుండగానే చుక్కలైపోతాయి. యెహోవా కొరకు ఎదురు చూచువారు పక్షిరాజుల్లా రెక్కలు చాపి పైకి ఎగురుతారని యెషయాలో ఉంది కదా, ఆ ఎదురు చూచువారు అన్న మాటని నేను ఇంతకాలం ఓపిక అనే అర్థంలోనే చదివాను. ఆ పక్షులు కొమ్మ మీద కూర్చుని గాలి కోసం చూస్తున్నప్పుడు వాటి మెడ ఎలా ఉంటుందో నువ్వు వచ్చి చూడాలి.

ఏప్రిల్ 5న ఈస్టరు. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన ఉంటుంది, ఈసారి వెళ్తాను. అమ్మ కుండీలోని నందివర్ధనం కొమ్మ విరిచి సమాధి తల దగ్గర పాతాను, రెండు ఆకులు వేసింది. మగ్దలేనే మరియ ఏడుస్తూ తోటమాలి అనుకున్నది తిరిగి లేచిన యేసు ప్రభువునే కదా, ఆ చోటు చదివినప్పుడల్లా ఈ కొమ్మకి నీళ్లు పోయాలని గుర్తొస్తుంది.

మే నెలలో నువ్వు వచ్చేసరికి పక్షులు చాలావరకు వెళ్లిపోతాయి. వచ్చే డిసెంబరుకి సెలవు దొరికితే అప్పుడు రా, బాబుని కూడా తీసుకురా. వచ్చేటప్పుడు ఒక బైనాక్యులర్ తీసుకురా, చిన్నది చాలు. వాడికి గూడబాతు పిల్ల తల్లి గొంతులో తల దూర్చడం చూపిస్తాను. పులిహోర నేనే చేస్తాను, చింతపండు ఎంత పడుతుందో ఇప్పుడు తెలిసింది.

గ్యాసు కనెక్షన్ నా పేరుకి, నా నంబరుకి మార్పించమని ఎప్పటినుంచో అంటున్నావు. ఈ సిలిండరు అయ్యేదాకా ఉండనీ. తర్వాత మార్పిస్తాను.

పొద్దున పూట ఫోను చేస్తే ఎత్తకపోవచ్చు, గట్టు మీద ఉంటాను. రాత్రి ఎనిమిదింటికి చెయ్యి.

మీ నాన్న